తుప్పు పట్టే గాలమే మేలు: ఒడ్డు నుంచి సొరను పట్టే సరంజామా వెనుక సైన్సు

ఉక్కు తయారయ్యే ఊళ్లో తుప్పు పేరు చెబితే ఎవరికైనా చిరాకే. జంషెడ్‌పూర్‌లో 1950 నవంబరు 26న జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల ప్రారంభమైంది. లోహాలను క్షయం నుంచి ఎలా కాపాడాలన్నది అక్కడి పరిశోధనల్లో ముఖ్యమైన ఒక పాయ. అదే నగరంలో టెల్కో పక్కన ఉన్న బిర్సానగర్‌లో గేట్లకూ కిటికీ ఊచలకూ రంగు వేయించుకునేవారికి ఈ పోరాటం ఇంటి సంగతే. అలాంటి చోట ఎవరైనా దుకాణానికి వెళ్లి "త్వరగా తుప్పు పట్టే సరుకు ఇవ్వండి" అని అడిగితే నవ్వుతారు. కానీ సముద్రపు ఒడ్డున నిలబడి సొర చేపకు గాలం వేయాలనుకునేవారు అడగాల్సింది అచ్చంగా అదే.

జంషెడ్‌పూర్‌కూ సముద్రానికీ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. నగరాన్ని ఒరుసుకుంటూ పారే సువర్ణరేఖ నది ఒడిశా తీరంలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనులకు వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూరి దారి ఆ బంగాళాఖాతం వెంబడే సాగుతుంది. ఆ తీరంలో సొర కొత్త చేప కాదు. వేట, వంట, వైద్యం మూడింటిలోనూ దానికి చోటుంది. కొత్తగా వచ్చి చేరింది సరదా వేట. ఒడ్డు మీద నిలబడి కర్ర, రీలుతో పెద్ద చేపను లాగడం, ఫొటో తీసుకుని తిరిగి నీళ్లలో వదిలేయడం.

అమెరికా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా తీరాల్లో ఈ సరదా పాతదే కాబట్టి దాని మీద పరిశోధన కూడా బాగానే జరిగింది. శాస్త్రవేత్తలు అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది: వదిలేసిన సొర తర్వాత బతుకుతోందా? తోక ఊపుకుంటూ లోతుకు వెళ్లిపోయిందంటే బతికినట్టు కాదు. గంటల తర్వాతో, రోజుల తర్వాతో చనిపోయేవి ఉంటాయి. ఏది బతుకుతుంది, ఏది చస్తుంది అన్నది చాలావరకు సముద్రం ముఖం చూడకముందే, సరంజామా కొనే దుకాణంలోనే నిర్ణయమైపోతుంది.

విశాఖ నుంచి ప్రపంచానికి వెళ్లిన మాట

ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన పాట్రిక్ రసెల్ పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగంలో విశాఖపట్నంలో ఉండి, అక్కడి చేపలను బొమ్మలతో సహా నమోదు చేశారు. రెండు వందల చేపలతో ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. రసెల్ చేసిన మంచి పని ఒకటుంది. చేపలకు తన పేర్లు పెట్టకుండా, జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అలా 'పాల సొర' మాట యూరప్ చేరింది. తర్వాత అది 'పాలసోర్రా' అనే రూపంలో శాస్త్రీయ నామాల్లోకి ఎక్కింది. ఇప్పటికీ చెల్లుబాటులో ఉన్న 'కార్కరైనస్ సోర్రా' అనే పేరులో చివరి మాట కూడా ఈ కోరమాండల్ తీరపు 'సొర'కు రూపాంతరమే.

ఒడ్డుకు దగ్గరగా తిరిగేవాటిలో ఎక్కువ భాగం చిన్నవి. పాల సొర సాధారణంగా మీటరు దాటదు. ముక్కు చదునుగా ఉండే స్కోలియోడాన్ జాతి ఇంకా చిన్నది. ఈనిన తల్లికి పాలు పడతాయన్న నమ్మకంతో బాలింతలకు పెట్టేది, పిట్టు చేసుకునేది ఈ చిన్న సొరలనే. (పెద్ద సొరల మాంసంలో పాదరసం పేరుకుంటుంది కాబట్టి గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొర తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. చిన్నదైనా సొర కుటుంబం వేటాడి బతికేదే కనుక ఈ హెచ్చరికను పక్కన పెట్టలేం.) వీటితో పాటు మొప్పల వెనుక ఈకల కొనలు నల్లగా ఉండే పెద్ద సొరలు, సుత్తి తల సొర పిల్లలు, నదుల ముఖద్వారాల దగ్గర బుల్ సొరలు తీరం వైపు వస్తుంటాయి. గిటార్ చేపలు, వాటి బంధువులు ఇసుక అడుగున పడుకుని ఉంటాయి. చూడటానికి సగం సొర, సగం టేకు చేపలా కనిపించే ఈ జీవులు కూడా సొర కోసం వేసిన ఎరనే మింగుతాయి.

చీకట్లో గాలం వేసినవారికి అవతలి కొసన ఉన్నది ఇందులో ఏదో ముందుగా తెలియదు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో తిమింగల సొరకు మొదటి షెడ్యూలు రక్షణ లభించింది. అదే ఏడాది జూలైలో సొరలు, టేకులు అన్నింటినీ ఆ జాబితాలో చేర్చారు. జీవనోపాధి దెబ్బతింటుందని మత్స్యకారుల నుంచి అభ్యంతరాలు రావడంతో డిసెంబరులో పది జాతులకు కుదించారు. పుదుచ్చేరి పేరు మీద ఉన్న పాండిచ్చేరి సొర, గంగా సొర, రంపపు చేపలు, ఒక రకం గిటార్ చేప ఆ పదిలో ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం 'సైటిస్' జాబితాలను కూడా కలిపారు. సుత్తి తల సొరలు ఆ ఒప్పందంలో ఉన్నాయి. వాటిలో రెండు పెద్ద జాతులను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 'తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో' ఉన్నవిగా లెక్కగట్టింది. మొదటి షెడ్యూలు జీవిని వేటాడితే కనీస శిక్ష మూడేళ్ల జైలు.

అంటే గాలానికి ఏది తగిలినా, దాన్ని ప్రాణాలతో, గాయం లేకుండా తిరిగి పంపగలిగే సరంజామాయే చేతిలో ఉండాలి. తిండి కోసం, అమ్మకం కోసం తెప్ప మీద వెళ్లే జాలరి లెక్క వేరు. పట్టిన చేపను ఇంటికి తెచ్చుకునే మనిషికి గాలం చేప నోట్లో ఎక్కడ దిగిందన్నది పెద్ద విషయం కాదు. సరదా వేటగాడికి అదే మొట్టమొదటి విషయం.

మొన ఎటు తిరిగింది?

మామూలు గాలం ఇంగ్లీషు 'జె' అక్షరంలా ఉంటుంది. మొన కాడకు సమాంతరంగా పైకి చూస్తుంది. చేప ఎర మింగాక కర్రను ఒక్క ఊపున లాగితే ఆ మొన దొరికిన చోట దిగుతుంది. గొంతు కావచ్చు, జీర్ణాశయం కావచ్చు. నోట్లో గుచ్చుకున్న గాలానికీ, లోపల గుచ్చుకున్న దానికీ తేడా చాలా ఉంది. నీలి సొరల మీద జరిగిన పరిశోధనల్లో, మింగిన గాలాలు జీర్ణాశయపు గోడను చీల్చి కాలేయం దాకా వెళ్లి, అక్కడ చీము పట్టించిన ఆనవాళ్లు కనిపించాయి. అలాంటి సొర బయటికి ఆరోగ్యంగానే ఈదుతుంటుంది.

సర్కిల్ హుక్ అనే గుండ్రటి గాలంలో మొన లోపలికి, కాడ వైపు దాదాపు లంబంగా వంగి ఉంటుంది. చూస్తే ఇది దేనికీ గుచ్చుకోదేమో అనిపిస్తుంది. అదే దాని గుణం. ఎరతో సహా మింగిన సొర పక్కకు తిరిగి ఈదడం మొదలుపెట్టగానే తాడు బిగుస్తుంది. లోపలికి తిరిగిన మొనకు గొంతులో పట్టు దొరకదు కనుక గాలం జారుతూ నోటి అంచుకు వస్తుంది. అక్కడ దవడ మూల మీదుగా మలుపు తిరిగినప్పుడు మొదటిసారి మొనకు ఎదురుగా కండ దొరుకుతుంది. అక్కడే దిగుతుంది. పసిఫిక్ దీవుల వేటగాళ్లు ఎముకతో, ఆల్చిప్పతో చెక్కిన పాత గాలాల్లో చాలావాటికి ఇదే వంపు ఉంది. లోహం తెలియకముందే ఈ జ్యామితి తెలుసన్నమాట.

దీనికి ఒక షరతు ఉంది. చేప తగలగానే కర్రను ఝాడించి లాగే అలవాటు మానాలి. లాగితే గాలం జారే అవకాశం పోతుంది, ఒక్కోసారి నోట్లోంచి ఖాళీగా ఊడి వస్తుంది. తాడు నెమ్మదిగా బిగిసేదాకా ఆగడం కొత్తవారికే కాదు, జె గాలంతో చేయి తిరిగినవారికి ఇంకా కష్టం. ఇంకో సంగతి చూసి కొనాలి. గాలాన్ని బల్ల మీద పడుకోబెడితే మొన, కాడ రెండూ ఒకే తలంలో ఉండాలి. మొనను కాస్త పక్కకు వంచి అమ్మే రకాలు కూడా సర్కిల్ హుక్ పేరుతోనే వస్తాయి. ఆ వంపు ఎక్కువైనకొద్దీ గొంతులో గుచ్చుకునే అవకాశం తిరిగి పెరుగుతుంది. మొన దగ్గర వెనక్కి చూసే చిన్న ముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చేస్తే గాలం తీయడం సగం తేలికవుతుంది. తాడు వదులు కానంతవరకు చేప కూడా పోదు. మూడు మొనలున్న గాలం మాత్రం ఏ రూపంలోనూ పనికిరాదు.

లోహం సంగతి

గాలం ఎంత జాగ్రత్తగా వేసినా, కొన్నిసార్లు తీయడం కుదరదు. తాడు తెగుతుంది, లేదా సొర అలసిపోకముందే వదలడానికి తాడు కోయాల్సి వస్తుంది. గాలం నోట్లోనే ఉండిపోతుంది. అప్పుడది ఎంతకాలం ఉంటుందన్నది పూర్తిగా లోహశాస్త్రం.

స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటుంది. గాలి, నీరు తగలగానే ఆ క్రోమియం ఉపరితలం మీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొరగా మారుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తాను మళ్లీ అల్లుకుంటుంది. దీని బద్ధశత్రువు ఉప్పులోని క్లోరైడు. అది పొరలో చిన్న చిన్న గుంటలు తవ్వగలదు. దాన్ని తట్టుకోవడానికి సముద్రపు వాడకం ఉక్కులో రెండు, మూడు శాతం మాలిబ్డినం కూడా కలుపుతారు. పడవకు ఇది వరం. సొర నోటికి మాత్రం శాపం. మామూలు హై కార్బన్ ఉక్కు గాలానికి తగరమో, నికెలో, కంచు రంగు పూతో ఉంటుంది. దవడ ఎముకకు రాసుకుని ఆ పూత ఒక్కచోట చెదిరితే చాలు. (సొరకు ఎముక ఉండదు, అది మృదులాస్థి. రాపిడికి మాత్రం అదే చాలు.) ఆక్సిజన్ నిండిన ఉప్పునీరు రోజంతా నోట్లోంచి మొప్పల వైపు పారుతూనే ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం.

తహితీ దీవి దగ్గర పులి సొరలను ఏళ్ల తరబడి ఫొటోల ద్వారా గుర్తుపట్టి, వాటి నోళ్లలోని గాలాలను గమనించిన శాస్త్రవేత్తల అధ్యయనం 2020లో వెలువడింది. గుర్తించిన సొరల్లో మూడోవంతుకు మించి ఎప్పుడో ఒకప్పుడు గాలంతో కనిపించాయి. తుప్పు పట్టే గాలాల కంటే స్టెయిన్‌లెస్ గాలాలు చాలా ఎక్కువ కాలం ఉండిపోయాయి. కొన్ని ఏడేళ్లు దాటాయి. ఏడేళ్లంటే పాల సొర వంటి చిన్న జాతికి దాదాపు జీవితకాలం.

దుకాణంలో రెండు రకాలూ మెరుస్తూనే ఉంటాయి. అయస్కాంతంతో పరీక్షిస్తే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నమ్మదగిన పరీక్ష కాదు. వంటపాత్రల స్టెయిన్‌లెస్ ఉక్కును అయస్కాంతం అంతగా పట్టుకోదన్నది నిజమే కానీ, గాలాలకు వాడే గట్టి స్టెయిన్‌లెస్ రకాల్లో కొన్నింటిని బాగానే పట్టుకుంటుంది. తీగగా సాగదీసినప్పుడు మిగతావాటికీ కొంత అయస్కాంత గుణం వస్తుంది. పెట్టె మీద రాసింది చదవడం ఒక దారి. ఒక గాలాన్ని ఆకురాయితో గీరి, ఉప్పునీళ్ల గిన్నెలో వారం ఉంచడం ఇంకో దారి. గీరిన చోట ఎర్రబడితే అదే కొనాల్సిన రకం.

తీగ కట్టాలా, వద్దా?

గాలానికి పైన కట్టే చివరి ముక్కను లీడర్ అంటారు. దీని మీద వేటగాళ్ల మధ్యా, శాస్త్రవేత్తల మధ్యా వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నైలాన్ తంగూసు ఎంత మందమైనా సొర పళ్ల కింద పడితే తెగుతుంది. ఉక్కు తీగ తెగదు. కాబట్టి తీగ కట్టాలన్నది సరదా వేటగాళ్ల లెక్క.

నడిసముద్రంలో ట్యూనా కోసం కిలోమీటర్ల పొడవున వేల గాలాలు వేసే ఓడల విషయంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ సొర అనుకోకుండా పడే చేప. తంగూసు లీడర్ అయితే కొరికి తప్పించుకుంటుంది, తీగ అయితే చస్తుంది. అందుకే ఆస్ట్రేలియా తన తూర్పు తీరపు ట్యూనా వేటలో 2005లోనే తీగను నిషేధించింది. పశ్చిమ, మధ్య పసిఫిక్ దేశాల మత్స్య సంఘం కూడా భూమధ్యరేఖకు అటూ ఇటూ 20 డిగ్రీల మధ్య ఈ నిషేధం తెచ్చింది. ఇక్కడ ఒక తమాషా ఉంది. సర్కిల్ హుక్ వాడిన ఓడల్లో కొన్నిచోట్ల సొరలు ఎక్కువగా పడ్డాయి. గాలం దవడ మూలకు చేరితే తాడు పళ్ల మధ్యకు రాదు, కొరకడానికి వీలుండదు. గాలం ఆకారాన్ని, తీగను విడివిడిగా చూస్తే ఈ లెక్క అర్థం కాదు.

ఒడ్డు నుంచి వేసేవారికి ఏది సరి? సర్కిల్ హుక్ కట్టినప్పుడు తీగ పొడవుగా అక్కర్లేదు. గాలం దగ్గర అరమీటరో, మీటరో చాలు. దానిపైన మూడు, నాలుగు మీటర్ల మందపాటి తంగూసు ఉండాలి. దీనికి కారణం పళ్లు కాదు, చర్మం. సొర చర్మం నిండా పంటి నిర్మాణమే ఉన్న సూక్ష్మమైన పలుకులు ఉంటాయి. ఒకప్పుడు వడ్రంగులు చెక్క నునుపు చేయడానికి ఈ చర్మాన్నే గరుకు కాగితంలా వాడేవారు. సొర తన ఒంటికి తాడు చుట్టుకుని దొర్లినప్పుడు, తోకతో కొట్టినప్పుడు సన్నని ప్రధాన తాడు నిమిషాల్లో నూలుపోగులా విడిపోతుంది. కాబట్టి లీడర్ మొత్తం పొడవు ఎదురుకాగల సొర పొడవు కంటే ఎక్కువ ఉండాలి. తీగకు, తంగూసుకు మధ్య ఒక స్వివెల్ బిగించకపోతే ఆ దొర్లుడుకు తీగ మెలిపడి, మెలిక దగ్గరే విరుగుతుంది.

ఇంకొకటి మొత్తం అమరికలో అతి బలహీనమైన ముడి గాలానికి దగ్గరగా ఉండేలా చూడటం. ఎప్పుడైనా తెగితే అక్కడే తెగాలి. ఐదు వందల మీటర్ల తాడును ఈడ్చుకుంటూ వెళ్లిన సొర ఏ రాతికో చుట్టుకుని ఆగిపోతుంది. ఈదటం ఆగితే చాలా సొరలకు ఊపిరి కూడా ఆగినట్టే.

సన్నని తాడు చేసే హాని

సన్నని తాడుతో పెద్ద చేపను గంటసేపు ఆడించి పట్టడం గొప్ప అన్న అభిప్రాయం ఒకటి ఉంది. సొర శరీరం లోపల జరిగేది చూస్తే ఆ గొప్ప నిలవదు.

సొర నిదానంగా ఈదేటప్పుడు ఎర్ర కండరం పనిచేస్తుంది. దానికి ఆక్సిజన్ చాలు. ప్రాణభయంతో ఒక్కసారిగా లాగేటప్పుడు పనిచేసేది తెల్ల కండరం. అది ఆక్సిజన్ లేకుండా చక్కెరను కాల్చి, లాక్టేట్‌ను రక్తంలోకి వదులుతుంది. రక్తం ఆమ్లంగా మారుతుంది. పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. పులి సొర దీన్ని చాలావరకు తట్టుకుంటుంది. సుత్తి తల సొర తట్టుకోలేదు. దాని రక్తంలో లాక్టేట్ వేగంగా, చాలా ఎక్కువగా పెరుగుతుందని, వదిలేశాక చనిపోయేవి దానిలోనే ఎక్కువని అమెరికా తీరంలో జరిగిన అధ్యయనాలు చూపించాయి. సమయం తగ్గించడానికి ఉన్న ఒకే దారి బలమైన సరంజామా.

ఎంత బలం అన్నదానికి చిన్న లెక్క. ఇంచుమించు 36 కిలోల బరువు మోసే తాడు (పెట్టె మీద 80 పౌండ్లు అని ఉంటుంది) తీసుకుంటే, రీలు బ్రేకును అందులో మూడోవంతు, అంటే 12 కిలోలకు బిగించడం ఆనవాయితీ. మిగతా రెండు వంతులు ఎందుకు వదలాలి? చేప తాడు లాక్కుపోయేకొద్దీ రీలు మీద తాడు చుట్ట చిన్నదవుతుంది. బ్రేకు ఇచ్చే తిప్పుడు బలం మారదు కానీ, వ్యాసార్థం సగానికి తగ్గితే అదే బ్రేకును తిప్పడానికి రెట్టింపు లాగుడు కావాలి. బ్రేకును ముట్టుకోకుండానే 12 కిలోలు 24 అవుతుంది. దానికి నీళ్లలో ఉన్న తాడు మీద పడే నీటి ఒరిపిడి, ముడుల దగ్గర తగ్గిన బలం కలిపితే తాడు తెగే గీత దగ్గరకు వచ్చేస్తుంది. అందుకే తాడు ఎక్కువ పట్టే పెద్ద రీలు కొనమంటారు. చుట్ట పెద్దదైతే వ్యాసార్థం అంత త్వరగా తగ్గదు.

కర్ర విషయంలో పొడవు మీద మోజు ఎక్కువ. అలలు విరిగే చోటు దాటించి ఎర విసరడానికి పొడవు ఉపయోగపడుతుంది నిజమే. కానీ చేపను లాగేటప్పుడు కర్ర మీటలా పనిచేసేది చేప పక్షానే. మూడున్నర మీటర్ల కర్ర మొదలును నడుముకు ఆనించి, 70 సెంటీమీటర్ల ఎత్తులో ముందు చెయ్యి పెట్టారనుకుందాం. కర్ర తాడుకు అడ్డంగా ఉన్నప్పుడు కొన మీద 10 కిలోల లాగుడుకు ఆ చేతి మీద 50 కిలోలు పడుతుంది. అనుభవం ఉన్నవారు కర్రను కిందికి దించి, దాదాపు తాడు వైపు చూపించి, నడుము పట్టీతో ఒళ్లంతటితో లాగేది ఇందుకే. పొట్టి, గట్టి కర్ర చూపుకు ఆనకపోయినా చేపను త్వరగా తెస్తుంది.

ప్రధాన తాడుగా అల్లిక తాడు కొనాలా, తంగూసు కొనాలా అన్నది అంత ముఖ్యం కాదు. అల్లిక తాడు సాగదు, సన్నగా ఉండి రీలు మీద ఎక్కువ పడుతుంది. తంగూసు సాగి కుదుపులను మింగుతుంది, రాళ్ల రాపిడిని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. చాలామంది కింద అల్లిక, పైన వంద మీటర్లు తంగూసు వేస్తారు.

చివరి మూడు నిమిషాలు

రీలు, కర్రల మీద వేలు ఖర్చు పెట్టి, అసలు పరికరాలను మరిచిపోయేవారు ఎక్కువ. సొర మోకాలి లోతుకు వచ్చాక పని చేసేవి మూడు: ఉక్కు తీగ కోసే కట్టర్, గాలం కాడనే తెంచగల బోల్టు కట్టర్, పొడవు పిడి ఉన్న గాలం తీసే కడ్డీ. కొనాల్సిన వరుసలో ఇవే మొదట ఉండాలి. వీటితో పాటు చేతులకు మందపాటి తొడుగులు, తలకు దీపం, వెంట ఇంకో మనిషి. తీగను చేతికి చుట్టుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. సొర ఒక్క విదిలింపు విదిలిస్తే వేళ్లు పోతాయి.

సొరను ఇసుక మీదికి లాగకూడదు. మనకున్నట్టు పక్కటెముకల పంజరం దానికి లేదు. నీళ్లు మోసే బరువు నేల మీద దాని సొంత అవయవాల మీద పడుతుంది. శరీరంలో పెద్ద భాగం ఆక్రమించే కాలేయం నలుగుతుంది. మొప్పల రేకులు గాలిలో ఒకదానికొకటి అతుక్కుని ఆక్సిజన్ తీసుకోలేవు. మొప్పలు నీళ్లలో మునిగి ఉండగానే గాలం తీయాలి. కనిపించకపోతే, చేరకపోతే నోటికి వీలైనంత దగ్గరగా తీగ కోసి వదిలేయాలి. తుప్పు పట్టే గాలం కొన్నది ఈ నిమిషం కోసమే.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఇవన్నీ 2019 జూలై 1 నుంచి నిబంధనలుగా మార్చింది. ఒడ్డు నుంచి సొర పట్టాలంటే ముందు ఒక పాఠం పూర్తి చేసి ఉచిత అనుమతి పొందాలి. సహజమైన ఎరతో వేటాడేటప్పుడు పక్కకు వంగని, స్టెయిన్‌లెస్ కాని సర్కిల్ హుక్ తప్పనిసరి. తీగను, గాలాన్ని వెంటనే కోయగల పరికరం దగ్గరుండాలి. రక్షిత జాతి పడితే మొప్పలు నీళ్లలోనే ఉంచాలి. రక్తం, చేప ముక్కలు చల్లి సొరలను ఒడ్డుకు పిలవడం నిషేధం. ఈ చివరిది చట్టం లేకున్నా పాటించదగ్గది. సాయంత్రమైతే జనం నీళ్లలో దిగే విశాఖ రామకృష్ణా బీచ్ లాంటి చోట ఎర చల్లడం ఎవరికీ క్షేమం కాదు.

ఆంధ్ర తీరంలో వదిలేయడం ఎలా ఉంటుందో 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరంలో కనిపించింది. మత్స్యకారుల వలలో తిమింగల సొర చిక్కి ఒడ్డు దగ్గర ఆగిపోయింది. గాలానికి పడే చేప కాదది. నీటిని వడకట్టి సూక్ష్మజీవులను, చిన్న చేపలను తింటుంది. ప్రపంచంలోని చేపలన్నింటిలో పెద్దది. అటవీశాఖ సిబ్బంది, స్థానిక మత్స్యకారులు, వన్యప్రాణి సంరక్షకులు కలిసి దాన్ని లోతు నీళ్లలోకి నడిపించి పంపారు. వల పాడైతే జాలరికి నష్టమే. గుజరాత్‌లో తిమింగల సొరను కాపాడటానికి వలలు కోసుకున్న మత్స్యకారులకు అక్కడి అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి వచ్చింది అందుకే. సరదా వేటగాడికి పోయేది ఒక గాలం, ఒక మీటరు తీగ.

సొరలు చేపల్లా లక్షల గుడ్లు పెట్టవు. చిన్న పాల సొర కూడా ఈతకు కొన్ని పిల్లలనే కంటుంది. డస్కీ సొర వంటి పెద్ద జాతులు ఇరవై ఏళ్ల వయసుకు గానీ ఈడుకు రావు. అంటే ఒడ్డున ఎవరి గాలానికో తగిలిన పెద్ద ఆడ సొర తన జీవితంలో మొదటిసారి పిల్లలు పెట్టడానికే తీరానికి వచ్చి ఉండవచ్చు.

కొత్త సరంజామా కొన్నాక ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. సముద్రానికి బయల్దేరే ముందు ఒక కొత్త గాలాన్ని బోల్టు కట్టర్ మధ్య పెట్టి, కంటికి అద్దాలు పెట్టుకుని, ఒక్క నొక్కుకు తెగుతుందో లేదో చూడాలి. ఇంటి వెలుతురులో, కూర్చుని, రెండు చేతులతో నొక్కినా తెగకపోతే, చీకట్లో అలల మధ్య, కొట్టుకుంటున్న సొర నోటి పక్కన అది అసలే తెగదు. అలాంటప్పుడు కట్టరైనా మార్చాలి, గాలమైనా మార్చాలి.